పైన్ చెట్లు అన్నీ ఒకటేనా? చలి ఉన్నచోటే పెరుగుతాయా?

ఆకుపచ్చపెన్:

హాయ్ అండి, చెట్ల గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కొంచెం క్లియర్ చేయండి. కొండల ఫోటోల్లో సూదుల్లాంటి ఆకులున్న చెట్టు ఏది కనపడినా నేను పైన్ అనేస్తా. ఒక ఫోటో పెడితే అది పైన్ కాదు దేవదారు అన్నారు, ఇంకోటి పెడితే ఫర్ అన్నారు, మూడోది పెడితే ఇది పైనే గానీ అక్కడ పుట్టిన చెట్టు కాదు, ఎక్కడినుంచో తెచ్చి నాటింది అన్నారు. దాంతో బుర్ర వేడెక్కిపోయింది.

పైన్‌ని మిగతావాటి నుంచి ఎలా గుర్తుపట్టాలి, అదీ చెట్టు కింద నిలబడి చెప్పగలిగేలా? రకాలు ఎన్ని, ఏది ఎక్కడిది? ఇంకా ముఖ్యంగా, దీనికి చలి కావాలా అక్కర్లేదా? కావాలి అంటే మరి కరీబియన్ దీవుల్లో ఎలా ఉన్నాయి? నెట్‌లో చూస్తే ఒక్కోచోట ఒక్కోలా రాశారు, సగం లాటిన్ పేర్లే. మామూలు భాషలో చెప్పండి ప్లీజ్.

బాటనీబాబాయ్:

గుర్తుపట్టడం పెద్ద కష్టమేం కాదండి. కొమ్మ మీదున్న ఆకుని మొదలు దగ్గర చూడండి. పైన్ సూదులు ఒక్కోటి విడిగా కొమ్మకి అతుక్కుని ఉండవు, రెండో మూడో ఐదో కలిసి చిన్న కట్టలా ఒకే చోటు నుంచి వస్తాయి, ఆ మొదట్లో పల్చటి పొరలాంటి తొడుగు ఉంటుంది (కొన్ని రకాల్లో తొందరగా రాలిపోతుంది). ఫర్, స్ప్రూస్ రెండిట్లోనూ సూదులు ఒంటరిగానే ఉంటాయి. వాటిలో వాటికి తేడా కావాలంటే సూదిని రెండు వేళ్ళ మధ్య పెట్టి దొర్లించండి, దొర్లితే స్ప్రూస్, ఎందుకంటే దాని సూదికి నాలుగు పలకలుంటాయి, ఫర్ ఆకు చదునుగా ఉంటుంది కాబట్టి దొర్లదు. కోన్ (గింజలు దాచుకునే పొలుసుల కాయ) కూడా చూడొచ్చు, స్ప్రూస్‌ది కిందకి వేలాడుతుంది, ఫర్‌ది కొమ్మ మీద నిటారుగా నిలబడి అక్కడే పొలుసు పొలుసుగా విడిపోతుంది, అందుకే ఫర్ చెట్టు కింద ఎంత వెతికినా పూర్తి కోన్ దాదాపు దొరకదు. కింద చెక్కుచెదరకుండా పడున్న కోన్ చూపించి ఇది ఫర్ కోన్ అన్నారంటే వాళ్ళు పైన్‌దో స్ప్రూస్‌దో చూపిస్తున్నట్టే లెక్క.

దేవదారు అసలు సీడార్ జాతి. పొట్టి కణుపు మీద ఇరవై ముప్పై సూదులు చుట్టూ విచ్చుకుని ఉంటాయి, కట్టలా కాదు. లార్చ్‌కి కూడా ఇలాగే ఉంటాయి గానీ దాని ఆకులు మెత్తగా ఉండి చలికాలం వచ్చేసరికి మొత్తం రాలిపోతాయి. పైన్ అలా ఒకేసారి బోడి అవ్వదు, ఒక్కో సూది కొన్నేళ్ళు ఉండి రాలుతుంది.

ఇప్పుడు రకాలు. మొత్తం 110 పైచిలుకు ఉన్నాయి, ఒకటీ అరా అటూ ఇటూ లెక్కపెట్టే వాళ్ళని బట్టి మారుతుంది. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, రెండు పెద్ద గుంపులు తెలిస్తే చాలు. ఒకటి మెత్తని పైన్‌లు, వీటికి ఎక్కువగా కట్టకి ఐదు సూదులు, ఆకుని అడ్డంగా కోసి చూస్తే మధ్యలో నరం ఒకటే ఉంటుంది. రెండోది గట్టి పైన్‌లు, ఎక్కువగా రెండు లేదా మూడు సూదులు, లోపల నరాలు రెండు. చెక్క కూడా పేరుకి తగ్గట్టే ఉంటుంది చాలావరకు. మినహాయింపులు లేకపోలేదు, అమెరికా ఎడారి కొండల్లో ఉండే ఒక పిన్యన్ పైన్‌కి కట్టకి ఒకే సూది, గుండ్రంగా ఉంటుంది. వియత్నాం మధ్య ఎత్తుప్రాంతాల్లో క్రెంఫ్ పైన్ అని ఒకటుంది, దాని సూదులు చదునుగా కత్తి అంచులా ఉంటాయి, దాన్ని చూసి పైన్ అని చెప్పడం ఎవరి వల్లా కాదు.

హిమాలయాల ఫోటోలే మీవి అయితే అక్కడ మూడు గుర్తుపెట్టుకోండి. కింద ఎత్తుల్లో, అంటే సుమారు 500 నుంచి 2000 మీటర్ల దాకా కనపడేది చిర్ పైన్, మూడేసి సూదులు, బాగా పొడుగు, 20 నుంచి 30 సెంటీమీటర్లు. దాని పైన ఇంకా చల్లగా ఉండే చోట బ్లూ పైన్, ఐదేసి సూదులు, కాస్త నీలిరంగు ఛాయతో కిందకి వాలి ఉంటాయి, కోన్ సన్నగా పొడుగ్గా వేలాడుతుంది. వర్షం సరిగా అందని లోపలి లోయల్లో, హిమాచల్ కిన్నౌర్ నుంచి పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ వరకు చిల్గోజా పైన్, మళ్ళీ మూడు సూదులే గానీ పొట్టివి, గట్టివి, బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడి మచ్చలు మచ్చలుగా కనపడుతుంది. తినే చిల్గోజా గింజలు దీనివే. కోన్‌లన్నీ గింజల కోసం కోసేస్తుంటే కొత్త మొక్కలు రావడం బాగా తగ్గిపోయింది. ఈశాన్యంలో, మేఘాలయ నుంచి మయన్మార్ మీదుగా ఫిలిప్పీన్స్ దాకా ఉండేది ఖాసీ పైన్, అదీ మూడు సూదులదే.

మంచుకొండ:

బాబాయ్ గారు గుర్తుపట్టడం బాగా చెప్పారు. చలి సంగతి నేను చెప్తా. పైన్ అంటే చలిచెట్టే అండి, అందులో డౌట్ పెట్టుకోకండి. స్కాట్స్ పైన్ తీసుకోండి, పైన్‌లన్నిట్లోకి ఎక్కువ మేర పరుచుకున్నది అదే, స్కాట్లాండ్ నుంచి మొదలై సైబీరియా తూర్పు చివర దాకా ఉంటుంది, కాండం పైభాగం నారింజ రంగులో మెరుస్తుంటుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. సూది ఆకు అనేదే చలి కోసం వచ్చిన డిజైన్. పైన మైనం పూత, గాలి రంధ్రాలు లోపలికి దిగి ఉంటాయి, నేల గడ్డకట్టి వేళ్ళకి నీళ్ళు అందనప్పుడు ఆకులోంచి నీళ్ళు పోకుండా కాపాడుతుంది.

ఇంకా కావాలంటే సైబీరియా, కమ్చట్కా వైపు డ్వార్ఫ్ పైన్ అని ఉంది. పొద లాగానే పెరుగుతుంది, శీతాకాలం వచ్చేముందు కొమ్మల్ని నేలకి పరిచేసుకుని మంచు దుప్పటి కింద పడుకుంటుంది, ఎండాకాలం మళ్ళీ లేస్తుంది. ఇది చలిచెట్టు కాకపోతే మరేంటి?

తేమగాలి:

మంచుకొండ గారూ, మీరు చెప్పిన ఉదాహరణలన్నీ కరెక్టే, వాటి నుంచి తేల్చిన మాటతోనే నాకు పేచీ. డ్వార్ఫ్ పైన్ చలిని తట్టుకుంటుంది అంటే డ్వార్ఫ్ పైన్ తట్టుకుంటుంది అని, అంతే. కరీబియన్ పైన్ క్యూబా, బహామాస్, బెలీజ్, హోండురాస్, నికరాగువాలో దాదాపు సముద్ర మట్టం దగ్గరే, ఉక్కపోతలో, గడ్డి మైదానాల్లో సొంతంగా పెరుగుతుంది. సుమత్రాలో మెర్కూసీ పైన్ ఉంది, సహజంగా భూమధ్యరేఖ దాటి దక్షిణం వైపు అడుగుపెట్టిన పైన్ అదొక్కటే. ఇక రకాలు అన్నిటికన్నా ఎక్కువ ఉన్న దేశం ఏది అనుకుంటున్నారు, కెనడానో రష్యానో కాదు, మెక్సికో! దాదాపు 50 రకాలు అక్కడే ఉన్నాయి. పైన్ అంటే చలిచెట్టు అయితే ఈ లెక్క అస్సలు కుదరదు. కెనడా, రష్యాల్లో చెట్ల సంఖ్య కోట్లలో ఉంటుంది గానీ రకాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అసలు పైన్‌కి కావాల్సింది చలి కాదు, ఎండ. నెత్తి మీద పూర్తి వెలుతురు. పెద్ద ఆకుల చెట్ల నీడలో పైన్ పిల్ల మొక్క బతకడం చాలా కష్టం. మంచి నేల, సరిపడా వాన, వెచ్చదనం అన్నీ ఉన్నచోట విశాలమైన ఆకుల చెట్లు వేగంగా ఎదిగి వెలుతురు మొత్తం లాగేసుకుంటాయి, పైన్ ఓడిపోతుంది. అందుకని పైన్ ఎక్కడ మిగిలింది అంటే మిగతావి నిలబడలేని చోట: ఇసుక నేలలు, రాతి పగుళ్ళు, సారం లేని ఆమ్ల నేలలు, తరచు మంట వచ్చే చోట్లు, ఎత్తు కొండలు, ధ్రువాల వైపు చలి. చలి అనేది ఆ లిస్టులో ఒక ఐటమ్ మాత్రమే. కరీబియన్ మైదానాల్లో చలి లేదు, దాని బదులు సారం లేని నేల, మాటిమాటికీ వచ్చే మంటలు ఉన్నాయి, పని అదే అవుతోంది.

దీనికి నాకు బాగా నచ్చే సాక్ష్యం బ్రిసిల్‌కోన్ పైన్. కాలిఫోర్నియా వైట్ మౌంటెన్స్‌లో, 3000 మీటర్ల పైన, డోలమైట్ అనే తెల్లటి సున్నపురాయి లాంటి రాతి మీద ఉంటుంది. నీళ్ళు తక్కువ, పోషకాలు తక్కువ, గాలి ఎక్కువ, చెట్టుకీ చెట్టుకీ మధ్య బోలెడు ఖాళీ. అక్కడ మెతూసెలా అని పేరుపెట్టిన చెట్టు వయసు 4,800 ఏళ్ళు పైనే, అది ఎక్కడుందో అటవీశాఖ వాళ్ళు బయటికి చెప్పరు, చెప్తే జనం ముక్కలు పీక్కుపోతారని. 1964లో నెవాడాలో ఇదే రకం చెట్టుని పరిశోధన కోసం పర్మిషన్ తీసుకునే నరికి, కాండంలో ఏడాదికొకటి చొప్పున పడే వలయాలు లెక్కపెడితే 4,800 దాటాయి, దాన్నే ప్రొమీథియస్ అంటారు. అంత ముసలిదని నరికాకే తెలిసింది, అదో పెద్ద గొడవ. ఇందులో నేను చూసేది ఏంటంటే, కాస్త మెరుగైన నేల మీదున్న బ్రిసిల్‌కోన్‌లు వేగంగా పెరుగుతాయి గానీ అంతకాలం బతకవు. కష్టమైన చోట మెల్లగా పెరగడం వల్ల చెక్క దట్టంగా, బంక నిండి, పురుగూ బూజూ పట్టకుండా ఉంటుంది. పక్కన గడ్డి కూడా సరిగా ఉండదు కాబట్టి మంట అంటుకున్నా పాకదు.

మంచుకొండ:

సరే, మెక్సికో పాయింట్ బలమైనదే. అయినా అక్కడ కూడా ఎక్కువ రకాలు ఉండేది కొండల మీదే కదా, బీచ్‌లో కాదు. పూర్తిగా చలి సంబంధం లేదు అంటే నేను ఒప్పుకోను.

తేమగాలి:

కొండల మీదే, నిజం. మెక్సికో కొండలు అంత గజిబిజిగా ఉండబట్టే ఒక్కో లోయలో, ఒక్కో ఎత్తులో ఒక్కో రకం విడిపోయింది. కానీ ఆ కొండల్లో చాలా చోట్ల సైబీరియా చలి ఏం ఉండదు, పొడి కాలం, వాన కాలం ఉంటాయి, మధ్యలో మంటలు ఉంటాయి. మీరు చలి అంటున్నదాన్ని నేను ఇబ్బంది అంటున్నా.

ఆకుపచ్చపెన్:

వావ్, ఇంత వస్తుందనుకోలేదు, థాంక్స్ అందరికీ. పాత ఫోటోలు తీసి జూమ్ చేసి సూదులు లెక్కపెడుతున్నా, ఒకటి ఐదు సూదులది దొరికింది, బ్లూ పైనే అనుకుంటా. ఇప్పుడు కొత్త డౌట్. మంటల గురించి రెండుసార్లు అన్నారు తేమగాలి గారు. పైన్ నిండా బంక ఉంటుంది, అగ్గిపుల్ల వేస్తే భగ్గుమంటుంది కదా, మరి మంటలు వచ్చే చోటే బతకడం ఏంటి? ఇంకోటి, భూమధ్యరేఖ దాటింది ఒక్కటే అన్నారు, మరి న్యూజిలాండ్ నిండా పైన్ అడవులే అంటారు, అవి ఎలా వచ్చాయి?

నిప్పుకోడి:

మంటల ప్రశ్న నాకు వదిలేయండి, ఈ టాపిక్ అంటే నాకు పిచ్చి.

పైన్‌కీ మంటకీ సంబంధం ఎంత పాతదంటే, ఇప్పటిదాకా దొరికిన అతి పాత పైన్ శిలాజాల్లో ఒకటి కాలి బొగ్గైన కొమ్మ, కెనడాలోని నోవా స్కోషియాలో దొరికింది, 13 నుంచి 14 కోట్ల ఏళ్ళ నాటిది. అంటే డైనోసార్ల కాలం నుంచీ కాలుతూనే ఉంది.

కానీ అన్ని పైన్‌లూ మంటని ఒకేలా ఎదుర్కోవు, ఇక్కడే మజా. ఒక పద్ధతి, చెట్టు చావకుండా నిలబడటం. పాండరోసా పైన్ చూడండి, పెద్దయ్యాక బెరడు బాగా మందంగా, పలకలు పలకలుగా ఉంటుంది, కింది కొమ్మల్ని తనే రాల్చేసుకుంటుంది, దాంతో నేల మీద పాకే చిన్న మంట పైకి ఎక్కడానికి మెట్లు ఉండవు. (ఎండలో ఆ బెరడు దగ్గర ముక్కు పెడితే వెనిలా వాసన వస్తుందంటారు చాలామంది.) రెండో పద్ధతి దీనికి పూర్తిగా ఉల్టా, చెట్టు చచ్చినా పర్లేదు, గింజలు బతికితే చాలు అని. లాడ్జ్‌పోల్, జాక్ పైన్ ఈ రకం. కోన్‌ని బంకతో సీల్ వేసేసి ఏళ్ళ తరబడి కొమ్మ మీదే ఉంచేస్తాయి. 45 డిగ్రీలు దాటిన వేడి తగిలితే గానీ ఆ బంక కరగదు, పొలుసులు విచ్చుకోవు. మంట వచ్చి పెద్ద చెట్లన్నీ కాలిపోయాక, నీడ లేని బూడిద నేల మీద ఆ గింజలు పడతాయి, పోటీ ఎవరూ లేరు, ఎండ కావల్సినంత. 1988లో అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ భయంకరంగా కాలినప్పుడు అడవి ఇక అయిపోయింది అని అందరూ అనుకున్నారు, తర్వాత చూస్తే లాడ్జ్‌పోల్ పిల్లలు ఒత్తుగా మొలిచాయి.

జాక్ పైన్‌తో ఇంకో సంగతి ముడిపడి ఉంది. కిర్ట్‌లాండ్స్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట ఎక్కువగా మిచిగాన్‌లోని లేత జాక్ పైన్ తోపుల్లోనే గూడు పెడుతుంది, నేల మీద, కింది కొమ్మల చాటున. చెట్లు ముదిరితే కింది కొమ్మలు పోతాయి, పిట్ట వెళ్ళిపోతుంది. అడవి మంటల్ని బాగా ఆర్పేయడం మొదలుపెట్టాక లేత తోపులు తగ్గిపోయి ఆ పిట్ట అంతరించే దాకా వచ్చింది, తర్వాత కావాలని నరికి, నాటి, కొన్నిచోట్ల కాల్చి తోపులు పెంచితే 2019లో ప్రమాదంలో ఉన్న జీవుల లిస్టు నుంచి తీసేశారు. మంట ఆర్పడం కూడా ఒక్కోసారి హాని చేస్తుంది అంటే జనం నమ్మరు, ఇదిగో ఉదాహరణ.

నాకు అన్నిట్లోకి ఇష్టమైంది మాత్రం లాంగ్‌లీఫ్ పైన్, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలది. ఇది మొలిచాక కొన్నేళ్ళ పాటు ఎత్తు పెరగనే పెరగదు, గడ్డి దుబ్బులా నేలకి అంటుకుని ఉంటుంది, కొత్తవాళ్ళు చూస్తే గడ్డే అనుకుంటారు. ఆ టైమంతా కింద వేరు దింపుకుంటుంది. మంట వస్తే బయటి సూదులు కాలతాయి, మధ్యలో మొగ్గ చుట్టూ తడి సూదులు ఒత్తుగా ఉండి దాన్ని కాపాడతాయి. వేరు బలిశాక ఒక్కసారిగా పైకి లేస్తుంది, మంట అందే ఎత్తుని వీలైనంత తొందరగా దాటేస్తుంది. యూరోపియన్లు రాకముందు ఈ అడవి సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఉండేదని అంచనా, ఇప్పుడు మిగిలింది అందులో చాలా చిన్న ముక్క. నరికింది కొంత, మంటలు ఆపేయడం వల్ల ఓక్ లాంటివి లేచి నీడపెట్టింది కొంత.

మూడో పద్ధతి కెనరీ దీవుల పైన్‌ది. కాలి నల్లబడిన కాండం నుంచే మళ్ళీ చిగుళ్ళు వేస్తుంది, పైన్‌లలో ఇలా చేసేవి చాలా తక్కువ. అదే చెట్టు పొడుగాటి సూదులతో మబ్బుల్లోని తేమని పట్టి బొట్లు బొట్లుగా కిందకి రాలుస్తుంది, వాన తక్కువ పడే ఆ కొండల మీద నేలకి చేరే నీళ్ళలో ఇదీ ఓ భాగం.

అలా అని ఏ పైన్ అడవికైనా నిప్పుపెట్టొచ్చు అనుకోకండి. పిన్యన్ పైన్‌లకి బెరడు పల్చన, సీల్ కోన్‌లు లేవు, మంట వస్తే పోతాయి, తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. చిర్ పైన్‌కి మందం బెరడు ఉంది, పెద్ద చెట్టు నిలబడుతుంది, కానీ ఎండాకాలం ముందు రాలే సూదులు మందంగా పేరుకుని ఏటా మనుషులు పెట్టే మంటలకి చితుకుల్లా పనిచేస్తాయి. ప్రతి ఏడూ కాలితే చిన్న మొక్క ఎదిగే టైమే ఉండదు. ఎంత తరచుగా, ఏ సీజన్లో, ఎంత వేడిగా అనేదాని మీదే అంతా ఆధారపడుతుంది.

బాటనీబాబాయ్:

న్యూజిలాండ్ ముక్క నేను అందుకుంటా. అక్కడివి ఒక్కటీ సహజంగా పుట్టింది కాదు. అక్కడ నాటిన అడవుల్లో దాదాపు 90 శాతం ఒకటే రకం, రేడియాటా పైన్, మాంటెరీ పైన్ అని కూడా అంటారు. విచిత్రం ఏంటంటే దాని సొంత ఊరు చాలా చిన్నది, కాలిఫోర్నియా తీరంలో మూడే మూడు చోట్లు, మెక్సికోవి రెండు చిన్న దీవులు, అంతే. అక్కడ వంకరటింకరగా, మామూలుగా ఉండే చెట్టు, న్యూజిలాండ్, చిలీ, ఆస్ట్రేలియాల్లో నాటితే నిటారుగా, జెట్ స్పీడులో పెరిగింది. ఇప్పుడు లక్షల హెక్టార్లలో ఉంది. సొంత చోట మాత్రం ప్రమాదంలో ఉన్న చెట్టు.

దక్షిణార్ధగోళంలో ముందు నాటిన పైన్‌లు చాలాచోట్ల పసుపుపచ్చగా మారి గిడసబారిపోయాయి, ఎందుకో మొదట అర్థం కాలేదు. పైన్ వేళ్ళకి ఒక రకం ఫంగస్ జత కావాలి, అది నేలలోని ఫాస్ఫరస్ లాంటివి అందిస్తుంది, చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. పైన్ ఎన్నడూ లేని నేలల్లో ఆ ఫంగస్ లేదు. పాత పైన్ తోపుల మట్టి తెచ్చి కలిపాక మొక్కలు లేచాయి. అసలు పైన్ దక్షిణానికి తనంతట తను దిగకపోవడానికి మధ్యలో అడ్డుగా ఉన్న వేడి తేమ అడవులు ఒక కారణం, తేమగాలి గారు చెప్పిన నీడ కథే. మనిషి దాన్ని ఓడలో దాటించేశాడు.

ఇప్పుడు అక్కడ సమస్య తిరగబడింది. న్యూజిలాండ్‌లో తోటల నుంచి గాలికి కొట్టుకుపోయిన గింజలు మొలిచి కొండగడ్డి మైదానాల్ని ఆక్రమిస్తున్నాయి, వైల్డింగ్ పైన్స్ అంటారు, వాటిలో లాడ్జ్‌పోల్ మరీ మొండిది. దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతంలో అయితే అక్కడి ఫిన్‌బోస్ పొదల కన్నా పైన్‌లు ఎక్కువ నీళ్ళు తాగేస్తాయి, వాగుల్లో నీళ్ళు తగ్గుతున్నాయని మనుషుల్ని పెట్టి మరీ నరికిస్తున్నారు. సొంత గడ్డ మీద సాధువులా ఉన్న చెట్టు బయట రౌడీ అవుతుంది.

పన్లోపని, పేరులో పైన్ ఉండి పైన్ కానివి కూడా చూసుకోండి. ఆస్ట్రేలియన్ పైన్ అని రాసి ఉంటే అది మన సరుగుడు, అసలు పూలు పూసే చెట్టు, ఆ సూదులు అనుకునేవి సన్నటి రెమ్మలు, ఆకులు కణుపుల దగ్గర కంటికి ఆననంత చిన్న పొలుసులు. కుండీల్లో పెంచే నార్ఫోక్ ఐలాండ్ పైన్ అరౌకేరియా జాతి. 1994లో సిడ్నీకి దగ్గర్లోని లోయల్లో దొరికిన వాలెమీ పైన్ కూడా ఆ కుటుంబమే. కట్ట సూదులు లేకపోతే పైన్ కాదు, ఈ రూల్ దగ్గర ఆగండి.

మంచుకొండ:

గాలికి కొట్టుకుపోయే గింజలు అన్నారు కదా, అన్నిటికీ రెక్క ఉండదు. నా చలికొండల వైపు వైట్‌బార్క్ పైన్ అని ఉంది, అమెరికా, కెనడా పడమటి కొండల్లో చెట్లు ఆగిపోయే ఎత్తులో ఉంటుంది. గింజకి రెక్క లేదు, కోన్ కూడా తనంతట తను విచ్చుకోదు. క్లార్క్స్ నట్‌క్రాకర్ అనే పక్షి ముక్కుతో కోన్‌ని చీల్చి, గింజల్ని నాలుక కింద సంచీలో నింపుకుని తీసుకెళ్ళి కొంచెం కొంచెంగా మట్టిలో దాస్తుంది. ఒక్క సీజన్లో వేల వేల గింజలు. చాలావాటిని గుర్తుపెట్టుకుని తవ్వుకుంటుంది, వదిలేసినవి మొలుస్తాయి. ఒకే చోట నాలుగైదు కాండాలు కలిసి కనపడితే అది పక్షి దాచిన కుప్పే అయ్యుండొచ్చు.

బాధ ఏంటంటే యూరప్ నర్సరీ మొక్కలతో ఉత్తర అమెరికాకి వచ్చిన బ్లిస్టర్ రస్ట్ అనే తెగులు ఐదు సూదుల పైన్‌లని ఘోరంగా తింటోంది, దానికి తోడు వేడెక్కే కొండల్లో బెరడు పురుగు. 2022లో వైట్‌బార్క్‌ని అమెరికాలో ముప్పు ఉన్న జాతిగా ప్రకటించారు. తేమగాలి గారూ, చలి లేకపోతే బెరడు పురుగు శీతాకాలంలో చావదు, బ్రిటిష్ కొలంబియాలో లాడ్జ్‌పోల్ అడవులు ఎంత మేర ఎర్రబడి చచ్చాయో చూడండి. చలి అవసరం లేదు అని ఎలా అంటారు?

తేమగాలి:

ఇది మంచి పాయింట్. చలి పైన్‌కి ఆహారం కాదు, దాని శత్రువులకి విషం. ఇలా అయితే మనిద్దరం ఒకే వైపు ఉన్నట్టు.

ఆకుపచ్చపెన్:

సూపర్. చివరగా ఒకటి అడుగుతా తిట్టుకోకండి. నా దగ్గర ఒక పైన్ కోన్ ఉంది, ఫ్రెండ్ తెచ్చిచ్చింది, వచ్చినప్పుడు బాగా విచ్చుకుని ఉండేది, ఇప్పుడు వర్షాలు మొదలయ్యాక మూసుకుపోయింది. ఇది కూడా ఆ మంటకి తెరుచుకునే రకమా? చెట్టు నుంచి విడిపోయి ఎన్నాళ్ళో అయింది, ఇంకా ప్రాణం ఉందా దానికి?

నిప్పుకోడి:

ప్రాణం లేదండి, ఉండక్కర్లేదు కూడా. కోన్ పొలుసులో రెండు పొరలు ఉంటాయి, కింది పొర తడికి ఎక్కువ సాగుతుంది, పై పొర తక్కువ. గాలిలో తేమ పెరిగితే పొలుసు లోపలికి వంగి మూసుకుంటుంది, ఆరితే విచ్చుకుంటుంది. పొడి రోజు గింజలు రాలితే గాలికి దూరం పోతాయి, తడి రోజు రాలితే చెట్టు కిందే పడతాయి, అందుకీ ఏర్పాటు. చచ్చిన కోన్ ఎన్నేళ్ళయినా ఇలాగే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది.

మంటకి తెరుచుకునే రకం అయితే మీకు వచ్చేటప్పటికే గట్టిగా మూసి ఉండేది, ఎంత ఆరబెట్టినా కదలదు, పొలుసుల సందుల్లో బంక గట్టిపడి కనపడుతుంది. మీది ఒకసారి విచ్చుకుంది కాబట్టి మామూలుదే అయ్యుండాలి. డౌట్ ఉంటే నీళ్ళలో కాసేపు నానబెట్టండి, పూర్తిగా ముడుచుకుంటుంది, తీసి ఎండలో పెడితే మళ్ళీ విచ్చుకుంటుంది. గింజలు మాత్రం దాంట్లో వెతక్కండి, విచ్చుకున్న మొదటిసారే ఎగిరిపోయి ఉంటాయి.

బాటనీబాబాయ్:

ఆ కోన్ పొడవెంతో, పొలుసు చివర ముల్లు ఉందో లేదో ఫోటో పెట్టండి, రకం చెప్పడానికి ట్రై చేద్దాం. పక్కన స్కేల్ పెట్టి తీయండి. షుగర్ పైన్ కోన్ 50 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, కూల్టర్ పైన్‌ది అంత పొడుగు ఉండదు గానీ నాలుగైదు కిలోలు తూగుతుంది, కొక్కేల్లాంటి ముళ్ళతో. ఆ రెండూ కాదని మాత్రం ఫోటో చూడకుండానే చెప్పగలను, అంత బరువు ఫ్రెండ్ బ్యాగులో మోసుకు రాదు.